బస్సు దిగిన కాడనే ఇల్లు తీసుకోవద్దు

(నల్లగొండలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల సమావేశంలో, హైదరాబాద్ జలమండలిలో పనిచేసి రిటైరైన జిల్లావాసి ఒకరు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ మేడమ్‌కు, అధ్యాపకులకు, పనులు మానుకొని ఊర్ల నుంచి వచ్చిన అమ్మలకు, నాయనలకు, పరీక్షలు అయిపోంగనే పట్నం బాట పట్టబోయే బిడ్డలకు.

ఉద్యోగం ఎట్ల సంపాదించాలె, ఇంటర్వ్యూలో ఎట్ల మాట్లాడాలె అని చెప్పేటోళ్లు మీకు శానమంది దొరుకుతరు. పట్నంలో ఎక్కడ ఉండాలె అన్నది మాత్రం ఎవరూ కూసోబెట్టి చెప్పరు. చుట్టాల ఇల్లున్న దిక్కు పోతం, దోస్తు రూము కాడ దిగుతం, తర్వాత చూసుకుందాం అనుకుంటం. ఆ తర్వాత అనేది రాదు. పనిలో పడతం, ఏండ్లు గడుస్తయి. అందుకే ఇయ్యాల ఈ ఒక్క ముచ్చట పట్టుకొని మాట్లాడుదామని వచ్చిన.

మన నల్లగొండోళ్లు పట్నంలో ఎక్కువగా ఎక్కడుంటరు? హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగ పోయే మన బస్సు పట్నంలో అడుగుపెట్టేది అక్కడ్నే. పాలమూరోళ్లను చూడండి. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగ పోతరు; ఆరాంఘర్, కాటేదాన్, రాజేంద్రనగర్, అత్తాపూర్ దిక్కు ఉంటరు. దేవరకొండ, మాల్ దిక్కోళ్లు సాగర్ రోడ్డు పట్టుకొని బీఎన్ రెడ్డి నగర్‌లో ఆగుతరు. కల్వకుర్తి, ఆమనగల్లు వాళ్లు శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ, చాంద్రాయణగుట్ట. ఏ రోడ్డు మీద వచ్చినోళ్లు ఆ రోడ్డు అంచుకే నిలబడిపోయిన్రు.

వాళ్లు చేసింది తప్పు అని నేను అనను. ఆ రోజుల్లో వాళ్లకు వేరే దారి లేదు. కొత్తగా పోయినోడికి మనోళ్ల అండ కావాలె. జరమొస్తే ఇంత అన్నం పెట్టే పెద్దమ్మ ఉండాలె. శనివారం సాయంత్రం డ్యూటీ దిగంగనే బస్సెక్కి ఊరికొచ్చే సౌలత్ ఉండాలె. ఇదంతా నిజమే. అయితే ఇప్పుడు పట్నంలో ఉద్యోగాలు ఉన్న దిక్కు మారింది, మన ఇండ్లున్న దిక్కు మారలేదు.

ఒక్క లెక్క చెప్త, మనసు పెట్టి వినండి. మీ ఉద్యోగం గచ్చిబౌలి అవతల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అనుకుందాం. రూము ఎల్బీ నగర్‌లో. రూము నుంచి స్టేషన్‌కు నడవాలె. మియాపూర్ పోయే రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో దిగాలె. అక్కడ మెట్లెక్కి బ్లూ లైన్ అందుకోవాలె. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట ప్లాట్‌ఫారం ఎట్లుంటదో పోయినోళ్లకు ఎరుకే; రైలొస్తది గాని కాలు పెట్ట జాగ ఉండదు. రాయదుర్గంతోని మెట్రో అయిపోతది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా అది పోదు. దిగి మళ్ల బస్సో, షేర్ ఆటోనో చూసుకోవాలె. గుమ్మం నుంచి గుమ్మానికి గంటన్నరకు తక్కువ కాదు. పోను రాను మూడు గంటలు. నెలకు 25 రోజుల డ్యూటీ వేసుకుంటే 75 గంటలు. మూడు పగళ్లు, మూడు రాత్రులు ప్రతి నెలా తొవ్వలనే పోతున్నయి. మరి ఊరికి మీరు నెలకు ఎన్నిసార్లొస్తరు? ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ఆ రెండు ప్రయాణాల సుఖం కోసం మిగతా 25 రోజులు కష్టపడుతున్నం.

ఆ 75 గంటలు ఉంటే ఒక పిల్ల ఇంకో పరీక్షకు చదువుకుంటది. ఒక పిలగాడు నిండుగ నిద్రపోతడు, వండుకొని తింటడు, ఇంటికి ఫోన్ చేసి అమ్మతోని మాట్లాడుతడు. కిరాయి రెండు వేలు తక్కువ అని దూరం పోయినోళ్లు ఆ రెండు వేలను టికెట్లకు, ఆటోలకు, బయటి తిండికి ఇస్తనే ఉన్నరు. 2025 మేలో మెట్రో చార్జీలు పెంచి, తర్వాత కొంత తగ్గించిన్రు. ఆ లెక్కన ఒక దిక్కు గరిష్ఠ టికెట్ 69 రూపాయలు. రోజూ రెండు టికెట్లు, 25 రోజులు. మీరే గుణించుకోండి.

అట్లని తూర్పు దిక్కు వద్దే వద్దు అంటలేను. చుట్టాలు విడిచిపెట్టరు, ఇంట్లోళ్లు ఒప్పుకోరు, అటే ఉండాలె అనుకుంటే ఎల్బీ నగర్ బదులు నాగోల్ చూడండి. ఎల్బీ నగర్ నుంచి నాగోల్, ఉప్పల్ పెద్ద దూరమేం కాదు, ఇన్నర్ రింగ్ రోడ్డు మీదనే ఉంటయి. బ్లూ లైన్ నాగోల్‌లో మొదలై రాయదుర్గం దాకా పోతది. మధ్యలో రైలు మారే పని లేదు. మొదటి స్టేషన్ కాబట్టి కూసోనికి సీటు దొరుకుతది. రోజూ గంట సేపు నిలబడి పోవుడుకూ, కూసోని పోవుడుకూ మనిషిలో ఎంత తేడా వస్తదో ఒక నెలలో తెలుస్తది. ఎల్బీ నగర్ చేరిన మనోళ్లలో శానమందికి ఈ ఆలోచనే రాలేదు.

ఇక్కడ పాలమూరు జిల్లా నుంచి వచ్చిన పిల్లలు కూడా ఉన్నరని మేడమ్ చెప్పిన్రు. మీకు మాకంటే మంచి వీలున్నది. ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం 158 కిలోమీటర్లు. అందులో శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా ఉన్న ముక్క మీ ఊరి తొవ్వను ఐటీ ఆఫీసులతోని కలుపుతది. బండ్లగూడ జాగీర్, నార్సింగి, లంగర్‌హౌజ్ దిక్కు రూము దొరికితే ఇటు ఆరాంఘర్ కాడ ఊరి బస్సు అందుతది, అటు ఆఫీసూ దగ్గరయితది. అయితే ఆ దిక్కు మెట్రో లేదు. బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తదో పొద్దున నిలబడి చూసుకోవాలె.

అందరూ సాఫ్ట్‌వేర్‌కే పోరు. అది నాకు తెలుసు. చర్లపల్లి, నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనైతే ఉప్పల్, హబ్సిగూడ దిక్కే నయం. ఎయిర్‌పోర్ట్ పనైతే శంషాబాద్. గ్రూప్స్ చదివేటోళ్లకు చిక్కడపల్లి, అశోక్‌నగర్ దిక్కు సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉన్నది. దాని చుట్టూ గల్లీలన్నీ చదువుకునే పిల్లలే. రూములు ఇరుకు, గాలి తక్కువ, తిండి అంతంతే. అయినా పుస్తకాలు, తోటి పిల్లలు, పాత పేపర్లు అన్నీ నడిచే దూరంలో దొరికే జాగ అది. ఒక ఏడాది కోసం ఆ ఇరుకును ఓర్చుకోవచ్చు. మూడేండ్లు ఓర్చుకోవద్దు, ఆరోగ్యం పోతది. ఉస్మానియా పిల్లలకు విద్యానగర్, అడిక్‌మెట్, తార్నాక ఎట్లాగూ ఉన్నయి.

ఆడపిల్లలకు ఇంకో మాట. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోతది. మెట్రో రైలుకు ఆ సౌలత్ లేదు. జీతం పన్నెండు, పదిహేను వేలతోని మొదలయ్యే పిల్లకు మెట్రో స్టేషన్ పక్కన ఎక్కువ కిరాయి పెట్టి ఉండుడు కంటే, ఆఫీసుకు నేరుగ పోయే సిటీ బస్సు రూట్ మీద ఉండుడే లాభం. ఆ రూట్ నంబరు కనుక్కోండి. రాత్రి చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. ఆ స్టాప్ నుంచి ఇంటి దాకా రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి నడిచి చూడండి, తోడు తీస్కపోండి. వీధి లైట్లు ఎన్ని వెలుగుతున్నయి, దుకాణాలు ఎన్నింటి దాకా తెరిచి ఉంటయి, ఖాళీ ప్లాట్లు ఎన్ని ఉన్నయి, కుక్కలు ఎక్కడుంటయి. పగటి పూట ఇల్లు చూపించేటోళ్లకు ఇవి కనపడయి.

ఇల్లు చూసుడు మనోళ్లు ఆదివారం పెట్టుకుంటరు. ఆదివారం రోడ్లు ఖాళీ, అంతా దగ్గరే అనిపిస్తది. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆ ఇంటి గేటు కాడ నిలబడి ఆఫీసు దాకా పోయి రండి. ఒక్క పూట పోతది. పోనీయండి.

ఇగ నీళ్ల ముచ్చట. నేను పనిచేసింది ఆ శాఖలో కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడుత, ఏమనుకోవద్దు.

ఎల్బీ నగర్, వనస్థలిపురం దిక్కు నల్లాల్లో వచ్చేది ఎక్కువగా మన జిల్లా మీదుగ పోయిన నీళ్లే. నాగార్జునసాగర్ వెనక పుట్టంగండి కాడ ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయర్‌లో నింపి, కోదండాపురంలో శుద్ధి చేసి, నసర్లపల్లి, గోడకొండ్ల పంపుల మీదుగ సాహెబ్‌నగర్‌కు తోలుతరు. మూడు దశలు కలిపి రోజుకు 27 కోట్ల గ్యాలన్ల లెక్కన కట్టిన పథకం. 1920ల్లో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, తర్వాతి మంజీర, సింగూరు, ఇటీవలి గోదావరి ఇవన్నీ కలిసి ఆ నగరం గొంతు తడుపుతున్నయి. ఆ పైపులు మన పొలాల పక్క నుంచి పోతున్నప్పుడు ఇక్కడ మర్రిగూడ, మునుగోడు దిక్కు మనుషులు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయి మంచం పట్టిన్రు. నీళ్లల్లో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన ఊరి పేరే పెట్టిన్రంటే ఆ గోస ఎంత పెద్దదో అర్థం చేసుకోండి. నీళ్లంటే ఏందో మనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. అయినా పట్నం పోంగనే మన పిల్లలు ఇంట్లో టైల్స్ చూస్తరు, వైఫై అడుగుతరు. నీళ్ల సంగతి అడగరు. నాకు బాధైతది.

ఏమడగాలె? ముందుగాల, ఇంటికి జలమండలి నల్లా కనెక్షన్ ఉన్నదా, లేకపోతే అంతా బోరేనా అని అడగాలె. నల్లా ఉంటే నీళ్లు ఏ రోజు వస్తయి, ఎన్నింటికి వస్తయి, ఎంతసేపు వస్తయి. నగరంలో శాన కాలనీల్లో రోజు విడిచి రోజే వస్తయి. ఆ నీళ్లు పట్టుకోవడానికి సంపు ఎంత పెద్దది, ఆ ఒక్క సంపు మీద ఎన్ని పోర్షన్లు బతుకుతున్నయి. కింద రెండు పోర్షన్లు, మీద రెండు, పైన రేకుల షెడ్డేసి ఇంకో రెండు రూములు కట్టి ఉంటే, సంపు మాత్రం ముప్పై ఏండ్ల కింద ఒక్క కుటుంబానికి తవ్విందే అయి ఉంటది. మోటారు ఎవరు వేస్తరు, ఎన్నింటికి వేస్తరు అన్నది కూడా అడగండి. ఓనర్ పొద్దున ఆరింటికి వేసి ఏడింటికి బంద్ చేస్తడనుకోండి, మీరు రాత్రి డ్యూటీ చేసి పదింటికి వస్తే బకెట్ నిండదు.

బోరు నీళ్లయితే బాత్రూం కుళాయి మూతిని చూడండి. తెల్లగ పొరలు పొరలుగ గట్టిపడి ఉంటే ఆ నీళ్లల్ల ఉప్పులు ఎక్కువున్నట్టు. పాత బకెట్ అడుగు చూడండి, అక్కడా ఆ తెల్ల పొరే ఉంటది. పక్క పోర్షన్ ఆమెను కందిపప్పు ఎంతసేపట్ల ఉడుకుతదో అడగండి, ఆమె అసలు సంగతి చెప్పేస్తది. స్నానానికి పనికొచ్చినా తాగడానికి డబ్బా నీళ్లు కొనాలె. నెలకు ఎన్ని డబ్బాలో కిరాయిలో కలుపుకొని లెక్క చూసుకోండి.

2024 ఎండాకాలంలో పడమటి దిక్కు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లకు ట్యాంకర్లు దొరకక ఎంత తిప్పలైందో అందరం చూసినం. అదంతా రాతి నేల. వెయ్యి అడుగులు దింపినా తడి తగలని బోర్లున్నయి. అటు దిక్కు రూము చూసేటోళ్లు ఒక్క ప్రశ్న కచ్చితంగా అడగాలె: మే నెలలో ట్యాంకర్ తెప్పిస్తే పైసలెవరియ్యాలె? ఓనర్ ఇస్తడా, అందరూ పంచుకోవాల్నా? దీని మీద ముందే మాట తీసుకోకపోతే ఎండాకాలం వచ్చేసరికి కిరాయి పెరిగినంత పని అయితది. ఇంకొకటి, 2021 నుంచి మీటరు పెట్టి, ఆధార్‌తోని జోడించిన ఇండ్ల కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల దాకా నీళ్ల బిల్లు లేదు. ఓనర్ ప్రతి నెలా వాటర్ బిల్లు అని తీసుకుంటుంటే అది దేనికో మర్యాదగనే అడగండి. మోటారు కరెంటుకు, సంపు కడిగించడానికి అంటే సరే. అడుగుడు మీ హక్కు.

నీళ్లు లేకపోవుడు ఒక గోస అయితే, నీళ్లు ఇంట్లకు వచ్చుడు ఇంకో గోస. మనం చెరువుల కింద పుట్టినోళ్లం. అలుగు, తూము, శిఖం భూమి అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, ఇవన్నీ ఏందో మనకెరుక. శిఖంల ఇల్లు కట్టేటోడు మన ఊర్లలో లేడు. హైదరాబాద్ కూడా గొలుసుకట్టు చెరువుల నగరమే. ఒక చెరువు అలుగు దుంకితే నీళ్లు కింది చెరువుకు పోవాలె, అట్లట్ల మూసీల కలవాలె. ఆ దారిల మీద, ఆ శిఖాల మీద కాలనీలు లేచినయి. 2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఇండ్లల్లకు నీళ్లొచ్చి రోజుల తరబడి పోలేదు. హయత్‌నగర్ దిక్కు, టోలిచౌకి దిక్కు కూడా అంతే. కింది పోర్షన్‌లో ఎక్కువగా ఎవరుంటరు? కిరాయికున్నోళ్లు. ఓనర్ పై అంతస్తులో ఉంటడు.

ఇల్లు మునిగిందా లేదా అన్నది ఓనర్ చెప్పకున్నా గోడ చెప్తది. ఎంత కొత్త సున్నం వేసినా, నీళ్లు నిలిచిన ఎత్తు దాకా గోడ పొంగి పొట్టు లేస్తది; మోకాలెత్తున ఒక గీత లెక్క సాఫుగ కనపడతది. గోడ మీద అరచేయి పెట్టి కింద నుంచి పైకి తీయండి, ఎక్కడ పొడి రాలుడు ఆగుతదో అక్కడి దాకా చెమ్మ ఎక్కినట్టు. ఇనుప గేటు కింది భాగం ఒక్కటే తుప్పు తిని ఉంటది. గేటు లోపల కొత్తగ కట్టిన జానెడు ఇటుక కట్ట ఉంటది, దాటి పోవాలె. కరెంటు మీటరు డబ్బా పాత మేకులు కింద ఉండంగ ఛాతీ ఎత్తుకు మార్చి ఉంటది. ఆ వీధిలో నాలుగిండ్లకు ఇట్లనే ఉంటే ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు. అనుమానముంటే ఇస్త్రీ బండి ఆయనను, కిరాణం దుకాణం ఆయనను అడగండి. 2020 వానలకు నీళ్లు ఏడిదాకా వచ్చినయన్నా అని అడిగితే దుకాణంల చెయ్యి పెట్టి చూపిస్తరు.

హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టింది. చెరువు హద్దు ఎక్కడి దాకా ఉన్నదో అందులో చూడవచ్చు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా వచ్చినంక ఇది ఇంకా ముఖ్యమైంది. చెరువులో కట్టిన కట్టడం కూల్చితే ఓనర్ కోర్టుకు పోతడు. కిరాయికున్నోడు ఆ రాత్రి సామాను ఎక్కడ పెట్టుకుంటడు? చెరువులు కాపాడాలె అన్నది నా మాట కూడా. అందుకే మీరు అసలు అందులకే పోవద్దు అంటున్న.

కరెంటు, కాగితాల సంగతి తొందరగ చెప్పేస్త. మీ పోర్షన్‌కు వేరే మీటరుండాలె. అందరికీ ఒక్కటే మీటరుంటే యూనిట్లు కలిసి పై స్లాబులోకి పోతయి, ఒక్కో యూనిట్ ధర పెరుగుతది. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని ఓనరే ధర కట్టే పద్ధతి కూడా ఉన్నది, ముందే అడగండి. అగ్రిమెంట్ 11 నెలలకు రాస్తరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటే లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదన్నది, ఆ అలవాటు అక్కడ్నుంచే వచ్చింది; మన దిక్కు మాత్రం 1999 సవరణతోని ఏ లీజుకైనా రిజిస్ట్రేషన్ కావాలె. అడ్వాన్సు రెండు నెలలు దాటి అడిగితే ఆలోచించండి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా చట్టం కూడా ఇండ్లకు రెండు నెలలకు మించొద్దనే చెప్పింది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల కిరాయి పట్టుకునే అలవాటు పట్నంలో ఉన్నది. పట్టుకుంటరా, ఎంత పట్టుకుంటరు అన్నది అగ్రిమెంట్‌ల రాయించండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, తలుపులు ఫోన్‌తోని వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద కిరాయి అగ్రిమెంట్ కోసం అని రాసి తేదీ వేసి సంతకం పెట్టండి.

ఇప్పుడు చెప్పేది చెప్పడానికి మనసొప్పదు. అయినా తల్లిదండ్రుల ముందర చెప్పాలె. ఇల్లు చూడడానికి పోతే కిరాయి మాట కంటే ముందు మీరు ఏమిటోళ్లు అని అడుగుతరు. మాంసం వండొద్దంటరు. పేరు విని ఇల్లు లేదంటరు. టు-లెట్ బోర్డు గేటుకు వేలాడుతనే ఉంటది. ఎస్సీ పిల్లలకు, ముస్లిం పిల్లలకు ఇది మొదటి ఇంటి నుంచే ఎదురైతది. చదువుకొని, ఉద్యోగం తెచ్చుకొని, జీతం చేతిలో పెట్టుకొని పోయిన పిల్లను గేటు కాడ నిలబెట్టి ఆ మాట అడుగుడు అన్యాయం. ఇల్లున్న మనమందరం సిగ్గుపడాల్సిన సంగతి. పిల్లలకు నేను చెప్పేది ఒకటే, పేరు మార్చుకొని, కులం దాచిపెట్టి ఆ ఇంట్లకు పోవద్దు. దాచి పోయినోళ్లు రోజూ భయంతోని బతుకుతరు, పండుగకు అమ్మానాయనను కూడా పిలుచుకోలేరు. అందరూ కలిసుండే జాగలున్నయి. యూనివర్సిటీ చుట్టుపక్కల, పని చేసే పిల్లలుండే హాస్టళ్లు, ఓనర్ ఉండని అపార్ట్‌మెంట్లు. ఇక్కడ కూర్చున్న పెద్దల్లో పట్నంలో ఇల్లున్నోళ్లు, కిరాయిలకిచ్చేటోళ్లు ఉంటరు. ఆ ప్రశ్న మీరు అడగకండి. మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి.

(సభలోంచి ఒక తల్లి అడిగారు: ఆడపిల్లను మొదటిసారి పంపుతున్నాం, ఎంత దూరమైనా చుట్టాల ఇంట్లో పెడితేనే మంచిది కదా?)

అమ్మా, మీ భయం నాకు తెలుసు. మా మేనకోడలు నర్సు. సోమాజిగూడ దిక్కు పని దొరికితే మేం కూడా వనస్థలిపురంలో మా చుట్టాల ఇంట్లనే పెట్టినం. వాళ్లు మంచోళ్లే, బిడ్డ లెక్క చూసుకున్నరు. అయితే రాత్రి పది దాటినంక డ్యూటీ దిగి ఆ పిల్ల అంత దూరం రావాలె. ఆమె వచ్చేదాక ఇంట్ల అందరూ మేలుకొని ఉండాలె. ఆమెకు మొహమాటం, వాళ్లకు ఆందోళన. తర్వాత ఖైరతాబాద్‌లో నర్సులే ఉండే హాస్టల్ చూసినం. తోటి పిల్లలతోని కలిసి డ్యూటీ దిగుతది, కలిసి నడిచొస్తది. చుట్టాల ఇంటికి సెలవునాడు పోతది, వాళ్లు ఇంకా సంబరపడతరు. దూరంగ ఉన్న మనోళ్ల ఇల్లు కంటే దగ్గరున్న మంచి హాస్టలే ఆడపిల్లకు భద్రం, నా ఆలోచన ఇది. హాస్టల్‌కు మీరు స్వయంగ పోండమ్మా. వార్డెన్‌తోని మాట్లాడండి, వంటగది చూడండి, అక్కడుండే ఇద్దరు పిల్లలను పక్కకు పిలిచి అడగండి. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తరు, డ్యూటీ నుంచి ఆలస్యమైతే తీస్తరా అని అడుగుడు మర్చిపోవద్దు.

(ఒక విద్యార్థి: ఉద్యోగంలో చేరే తేదీ వచ్చింది, ఇల్లు వెతకడానికి సమయమే లేదు. ఏం చేయాలి?)

మంచి ప్రశ్న తమ్మీ. ఇల్లు వెతకకు. ఆఫీసుకు నడిచిపోయే దూరంల ఒక నెలకు హాస్టల్ తీసుకో. రెండు, మూడు నెలల పైసలు ఒక్కసారే కడితే తగ్గిస్తమంటరు, కట్టకు. మంచం, బీరువా, ఫ్రిజ్ ఏమీ కొనకు. అవి కొంటే వాటి కోసమే ఆ గల్లీలనే ఉండిపోతవు. ఆ నెలరోజులు ఆఫీసుల నీ పక్కన కూర్చునేటోళ్లను, క్యాంటీన్‌ల పనిచేసేటోళ్లను, సెక్యూరిటీ అన్నను అడుగు, వాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నరు, ఎంతసేపు పడుతది అని. వాళ్లు చెప్పిన రెండు మూడు కాలనీల్లో సాయంత్రాలు నడువు. టు-లెట్ బోర్డులు గేట్లకే ఉంటయి. బ్రోకర్ లేకుంటే కమీషన్ పైసలు మిగులుతయి. వానాకాలంలో చేరుతున్నవు కాబట్టి నీకు ఇంకో సౌలత్. గట్టి వాన పడ్డ మరునాడు పొద్దున పోయి ఆ గల్లీలు చూడు.

ఇంకా అడగాలనుకునేటోళ్లు వేదిక కిందికి రండి. ఆఫీసు ఎక్కడనో, జీతం ఎంతనో, డ్యూటీ పగలో రాత్రో ఒక కాగితం మీద రాసుకొని రండి. మ్యాపు తెచ్చిన, పరుచుకొని కూర్చుందాం.